జమేదారు, నిలువుటద్దం

ఆ రోజుల్లో ఎవరైనా "మీది కిరాయి ఇల్లా?" అని అడిగితే, "ప్రస్తుతానికి ఇక్కడ ఉంటున్నాం" అని జవాబు చెప్పేవాళ్లం. ఆ ప్రస్తుతం నా డిగ్రీ చదువంతా సాగి, మొదటి ఉద్యోగం దాకా వచ్చింది. రుద్రూర్ దగ్గర మా ఊళ్లో చెరకు భూములు, ఆ తర్వాత మేముండే కోటలాంటి గడి చేతులు మారిపోయాక, నిజామాబాద్‌లో రెండు గదుల పోర్షన్‌లోకి వచ్చిపడ్డాం. (ఈ మాట తాత వింటే ఒప్పుకునేవాడు కాదు. పడలేదు, వచ్చాం, అంతే.) గడి నుంచి వెంట తెచ్చుకున్న పెద్ద వస్తువు ఒక్కటే, టేకు చట్రం ఉన్న నిలువుటద్దం. నలుగురూ నీళ్లు, గాలి, వెలుతురు చూసుకుని ఇల్లు తీసుకుంటారు. మేం తాడు పట్టుకుని వెళ్లి, ఇంటింటి తలుపులూ కొలిచి, అద్దం పట్టే ఇల్లు తీసుకున్నాం. నల్లా రోజు విడిచి రోజు వస్తుందని చేరాకే తెలిసింది.

ముందుగదిలో ఒక గోడంతా ఆ అద్దమే. తాత రోజూ పొద్దున స్నానం చేసి, దాని ముందు నిలబడి, తెల్ల రుమాలును తలపాగాగా చుట్టుకునేవాడు. మడత మీద మడత, ఎక్కడా ముడత ఉండకూడదు. చుట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చునేవాడు. అంతే, సాయంత్రం దాకా అక్కడే. బయటికి రమ్మంటే, "పట్నంల నన్నెవడు గుర్తుపడ్తడురా?" అనేవాడు. అన్నం కూడా నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, మారు వడ్డించబోతే చేతిని పళ్లేనికి అడ్డం పెట్టేవాడు.

అప్పుడు నేను ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. ఇంట్లో మాత్రం "దుకాణం చూసుకుంటున్న" అని చెప్పాను. అబద్ధం కాదు. పొద్దంతా చీరలు విప్పుతూ, మడతపెడుతూ, ఆ దుకాణాన్నే చూసేవాణ్ని. మొదటి జీతం అందిన రోజు బస్టాండు వైపు నడుస్తుంటే రంగుచేపల దుకాణం కనబడింది. దాని యజమానిని అందరూ చిచ్చా అనేవారు. ఒక్కో సీసాలో ఒక్కో చేప, నీలంగా, పొడుగాటి రెక్కలు కుచ్చిళ్లలా జీరాడుతూ ఉన్నాయి.

"ఇవన్నీ వేరువేరుగా ఎందుకు చిచ్చా?"

"ఇది ఫైటర్ సాబ్. జోడీ గీడీ ఏం లేదు. ఒక్కడే ఉంటడు, ఒక్కడే తింటడు. పక్కకు ఇంకొకన్ని ఏసినవనుకో, ఇద్దర్ల ఒకడు ఖతం. మస్తు ఖాన్‌దానీ చేప!"

ఖాన్‌దానీ, అంటే పెద్దింటిది, అన్నాక ఇక బేరం చేయడం మా ఇంటికి తగదు. చేపను, చిన్న గాజుతొట్టిని, గింజల మేత డబ్బాను కొనేశాను. నల్లా నీళ్లలో మందు కలిపి ఉంటారు కనుక ఒక రోజంతా బకెట్లో నిలవబెట్టాకే పొయ్యాలని చిచ్చా చెప్పాడు. అవన్నీ శ్రద్ధగా పాటించాను. తొట్టిని ఎక్కడ పెట్టాలన్నదొక్కటే ఆయన్ని అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది? మా ఇంట్లో ఏ మంచి వస్తువు వచ్చినా పెట్టే చోటు ఒకటే కదా, అద్దం ముందు. ఒక తొట్టి రెండు తొట్లయింది. "సూడు సూడు, ఇల్లు నిండినట్టు కనవడ్తున్నది!" అని అవ్వ మురిసింది.

చేప అద్దం వైపు తిరిగింది. ఒక్క క్షణం ఆగింది. చెంపలు ఉబ్బించి, రెక్కలన్నీ విసనకర్రలా విప్పి, నిటారుగా నిలబడింది. అవ్వ పెట్టిన కేకకు లోపలి గదిలోంచి తాత బయటికి వచ్చాడు. వంగి చాలాసేపు చూశాడు.

"వీడు మన గడి వాకిట్ల కావలుండే జమేదారు లెక్కనే ఉన్నడురా. ఛాతీ సూడు వానిది!"

ఆ పేరే స్థిరపడింది. మర్నాటి నుంచి తాత కుర్చీ ముందుగదిలోకి వచ్చింది. "ఏం జమేదార్, ఎవరన్న వచ్చిండ్రా?" అని పొద్దున పలకరింపు. మేత వేయడం, ఊరి కబుర్లు చెప్పడం, భోజనం కూడా తొట్టి పక్కనే. ఒకరోజు అవ్వ వంటింట్లోకి నన్ను లాక్కెళ్లి, గుసగుసగా చెప్పింది. "మీ తాత ఇయ్యాల మారు బువ్వ అడిగిండు బిడ్డ! ఆ చేపను పైలంగ సూసుకో. దానికేమన్న అయితే ఈయన మళ్ల లోపలి అర్రలకే పోతడు."

అదే నెలలో జమేదారు తినడం మానేశాడు. గింజలు అడుగున మెత్తబడి పడి ఉంటున్నాయి. నీలం వెలిసింది. రెక్కల అంచులు పాత దస్తీలా చిరిగాయి. అయినా ఛాతీ మాత్రం దించడు! చిచ్చా ఒక నీలం మందిచ్చాడు. తర్వాత ఉప్పు వేయమన్నాడు. చివరికి, "నజర్ తగిలింది సాబ్" అన్నాడు. మాది చెరకు సీమ, ఆకలి పుట్టకపోతే మా వాళ్లకు తెలిసిన మందు ఒక్కటే. నేను దుకాణానికి వెళ్లినప్పుడు అవ్వ తొట్టిలో బెల్లంగడ్డ వేసింది. ఆ నీళ్లు పారబోసి, కొత్తవి నిలవబెట్టి పోసేదాకా జమేదారు కాపురం స్టీలు గిన్నెలో. పానకపు తొట్టి చుట్టూ చీమలు ఊరేగింపుగా వచ్చాయి.

తాత ముద్ద నోటిదాకా తీసుకెళ్లి దించేశాడు. "వాడు ఉపాసముంటే నేనెట్ల తింట?" అన్నాడు.

ఆ ఆదివారం మా అక్క భర్త బోధన్ నుంచి వచ్చాడు. బావకు చెరకు లారీల వ్యాపారం, నోటికి తీరిక ఉండదు. మందు సీసాలు, ఉప్పు పొట్లం, దిష్టి తీసిన మిరపకాయలు చూసి, "అత్తమ్మా, పెండ్లినాడు నాకు గూడ గింత ఖిద్మత్ చెయ్యకపోతిరి!" అన్నాడు.

తాత లేచి, తొట్టికీ అద్దానికీ మధ్య నిలబడి, రుమాలు సర్దుకోబోయాడు. సగంలో ఆగాడు.

"అరే, గిటు సూడుండ్రి."

తాత పంచె అద్దానికి అడ్డం పడగానే జమేదారు రెక్కలు ముడిచాడు. తాత పక్కకు జరిగితే మళ్లీ ఛాతీ విప్పాడు. అడ్డం వస్తే ముడిచాడు.

"వానికి అద్దంల ఇంకో జమేదారు కండ్లవడ్తున్నడు," అన్నాడు తాత. "వాకిట్ల పగోడు నిలవడితే, కొలువు ఇడిచి బువ్వ తినవోతడా?"

తాత కదలకుండా నిలబడ్డాడు. నేను ఒక గింజ వేశాను. జమేదారు పైకి వచ్చి, చుట్టూ చూసి, గుటుక్కున మింగాడు. తాత అక్కడే నిలబడి పళ్లెం తెప్పించుకుని, చేప ఒకటి తింటే తానొక ముద్ద తింటూ భోజనం ముగించాడు.

"బామ్మర్ది, ఇగ రోజూ జమేదారుకు తాతే జమేదారు," అన్నాడు బావ.

తొట్టిని జరిపితే సరిపోయేది కదా అని మీరు అనవచ్చు. ఆ గదిలో అద్దానికి కనబడని మూల లేదు. లోపలి గదిలో పెడితే తాత కూడా వెనకాలే లోపలికి పోతాడు. అద్దం మీద దుప్పటి కప్పుదామా అని అడిగాను. తాత నా వైపు తిరిగి, "ముసుగేస్తే ముసుగేసినట్టే ఉంటది. తిప్పుండ్రి," అన్నాడు.

నేనూ బావా మొహాలు చూసుకున్నాం. తలుపులు కొలిచి తెచ్చిన అద్దం! ఇద్దరం చెమటలు కక్కుతూ దాన్ని గోడ వైపు తిప్పాం. వెనకంతా బోడి చెక్క, ఒక పాత సాలెగూడు. తాత దాన్ని కాసేపు చూసి, "కండ్లకు సల్లగున్నది, మంచిదే" అన్నాడు.

మర్నాడు తాత అద్దం లేకుండా, చేతి అంచనాతోనే రుమాలు చుట్టుకున్నాడు. ఒక పక్క చెవి మీదికి జారింది. "ఎట్లున్నది?" అని అడిగాడు. అవ్వ, జీవితంలో మామగారికి ఎదురు చెప్పని మనిషి, "మస్తుగున్నది మామా" అంది. ఆ ధీమాతో తాత చెప్పులేసుకుని, మేత కొనడానికి స్వయంగా చిచ్చా దుకాణానికి బయలుదేరాడు. దూరంగా వెనకాలే వెళ్లాను.

చిచ్చా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఏముంది? అయినా స్టూలు దులిపి వేశాడు. "ఎన్ని చేపలున్నయి పెద్దాయనా?"

"ఒక్కడే," అన్నాడు తాత దర్జాగా కూర్చుంటూ. "జమేదారు."

చాయ్ వచ్చింది. రెండోసారి కూడా వచ్చింది. ఆ రోజు నేను దుకాణానికి ఆలస్యంగా వెళ్లి చివాట్లు తిన్నాను. ఆ తర్వాత తాత రోజూ ఆ స్టూలు మీదే కనిపించేవాడు, వంకర రుమాలుతో.

తాతా లేడు, జమేదారూ లేడు. అద్దం మాత్రం ఇప్పటి మా ఇంట్లో కూడా గోడ వైపే తిరిగి ఉంది. తిప్పుదామని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. కానీ నెలకోసారి సలూన్‌కు వెళ్తే ముందొక అద్దం, వెనకొక అద్దం. అందులో ఎవడో మెడ నిక్కించి, ఛాతీ విప్పి, నావైపే చూస్తుంటాడు. నాకు తెలియకుండానే నేనూ నిటారుగా అవుతాను. కత్తెర ఆగుతుంది.

"సార్, జర తల దించుండ్రి," అంటాడు మంగలి.

నవ్వొస్తుంది. దించుతాను, కొంచెమే.