ఆంజినప్ప చింపిన పోస్టర్లు

బాగలూరు ఆంజినప్పకు ఒకటే పిచ్చి: గోడ మీది పోస్టరు చింపడం. గులాబీ తోటకని బయల్దేరిన మనిషి దారిలో మోపెడ్ ఆపి, కొడవలితో గోడ గీకుతూ కనబడేవాడు. పూలకట్టలకు చుట్టడానికి కాగితం కావాలి కదా అని ఊరు సరిపెట్టుకుంది. "ఇంట్లో పేపరు లేదా?" అని భార్య పుట్టమ్మ అరిస్తే, "ఇది గట్టి కాగితమే!" అనేవాడు.

ఈ పిచ్చి వల్ల అదే ఊరి తిలక్ ప్రాణం మీదికి వచ్చింది. ఇరవై ఏడేళ్లవాడు, హోసూరు కంపెనీలో ఉద్యోగం, నెలలో రక్షితతో నిశ్చితార్థం. గదిలో ఒంటరిగా ఫోను పట్టుకున్నాడంటే హస్తప్రయోగం ఆపుకోలేడు. షిఫ్టుకు కూడా ఆలస్యమయ్యేంతగా ముదిరింది. పైగా బస్టాండు గోడ మీద చదివాడు: 'హస్తప్రయోగంతో నరాలు చచ్చిపోయాయా? పిల్లలు పుట్టరా? ప్రతి గురువారం కృష్ణగిరి లాడ్జిలో డాక్టరు.' ఆ రోజు నుంచి రక్షితకు ఫోను చేయడమే మానేశాడు. రక్షిత బతుకు పాడు చేస్తున్నానన్న భయంతో అన్నం సహించేది కాదు.

నంబరు రాసుకుందామని మర్నాడు వెళ్తే గోడకు జిగురే మిగిలింది. సర్కిల్లో ఇంకొకటి కనబడింది, కానీ చిరిగిపోగా నంబరులో మూడంకెలే మిగిలాయి. మూడోదాని దగ్గరికి పరుగెత్తేసరికి ఆంజినప్ప కొడవలి ఎత్తేశాడు.

"మామా, ఆ నంబరు మాత్రం ఇడిసిపెట్టప్పా!"

"నీకేమిటికిరా?"

"నా నరాలు సచ్చిపోయినాయి మామా. ఫోను పట్టుకుంటే షిఫ్టుకు గూడా ఆలస్యమే. రక్షితను మోసం చేయలేను. పెండ్లి వద్దని చెప్పేస్తాను."

ఆంజినప్ప కొడవలి దించాడు. పక్కనే సినిమా పోస్టరు, పార్టీ పోస్టరు ఉన్నాయి. వాటి మీద గీతైనా పడలేదని తిలక్ అప్పుడే చూశాడు.

"నేనూ ఇట్లే బయపడినానురా. ఆరేండ్లు పెండ్లి వాయిదా ఏసి మీ అత్తకు మొగం చూపలేదు. ఇట్లాంటోడి లేహ్యమే తింటే నరాలు కాదు, కడుపు పోయింది! పెండ్లయినాక ముగ్గురు బిడ్లు పుట్టినారు."

"అయితే నాకేమీ లేదా?"

"నరమూ సావదు, బిడ్లు పుట్టేదీ నిలిచిపోదు. కానీ పనికి పోనీకుండా పట్టుకుంటే దాని సంగతి చూడవల్ల. డ్యూటీ అయినాక ఫోను నాకిచ్చెయ్. మనసు అటు లాగితే తోటకొచ్చి పూలు కొయ్. గవర్నమెంటాసుపత్రిలో మనసు డాక్టరమ్మ ఉండాది. నేనూ వస్తాను."

డాక్టరమ్మా అదే చెప్పింది. ఒంటరిగా ఉండే వేళలు తగ్గించుకోమంది, ఒకరోజు జారినా తనను తాను తిట్టుకోవద్దంది. మొదటి వారం తిలక్ వేళ్ల నిండా ముళ్లే. "రేపటి మొగ్గలు గూడా కోసేసినాడే!" అని పుట్టమ్మ నెత్తి కొట్టుకుంది.

నిశ్చితార్థానికి ఆంజినప్ప ఆలస్యంగా వచ్చాడు, గులాబీ కట్టలతో. పోస్టరు కాగితాలే చుట్టాడు, అచ్చు లోపలికి మడిచి.

"ఏం మామా, ఇంతసేపు?"

"తోటలో పూలు యాడివి ఆడే ఉండాయిరా," అన్నాడు ఆంజినప్ప, మొహమంతా నవ్వుతో. "నువ్వు రాలేదు గదా, ఈ వారం కోసేకి మనుషుల్ని పిలవాల్సొచ్చింది!"