పంచాంగానికి తోలు చొక్కా

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మూరెడు కొరమేనును చూసివస్తే, నేను చెప్పే వేళకి అది పడవను కొల్లేటి ఆ ఒడ్డుకి ఈడ్చుకెళ్ళిపోతుంది. కాబట్టి ఇందులో కొలత వచ్చిన చోటల్లా పావు వంతు ఉంచుకుని మిగతాది పారేయండి. కొలతలకు సంబంధం లేని అసలు అబద్ధం మాత్రం ఒకే ఒక్కటి ఉంది. అదెక్కడుందో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. ఏలూరులో ఉండేవాళ్ళం. నాకు ఇరవై మూడేళ్ళు, ఏ పనిలోనూ కాలు నిలవదు. టైపు నేర్చుకుందామని చేరి, ఎడమచేతి నాలుగు అక్షరాలు దాటకుండానే బయటపడ్డాను. ఆకివీడులో చేపల తూకం దగ్గర కూర్చోబెడితే, తొమ్మిదో రోజున కాటా ముల్లు నిలబడేదాకా ఆగలేక లేచొచ్చేశాను. కూర్చుంటే మోకాలు ఊగేది. ఆ ఊపుకి మా ఇంటి అటక మీద ఇత్తడి సామానంతా మోగేది.

తాడేపల్లిగూడెంలో వరసకు మావయ్య ఒకాయన ఉండేవాడు, రైల్వేలో గూడ్సు గుమాస్తా. ఆయన కూతుర్ని నాకిద్దామని పెద్దవాళ్ళు ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. ఆ పిల్లంటే నాకు ఎంత ఇష్టమో కొలవబోను, అక్కడ పావు వంతు ఉంచుకున్నా ఎక్కువే. ఆషాఢం రాబోతుండగా మావయ్య మా ఇంటికొచ్చి, వీధరుగు మీద నన్ను నిలబెట్టాడు.

"ఒరే, నువ్వు మొదలెట్టినవి చాలా చూశాను. పూర్తిచేసింది ఒక్కటీ చూళ్ళేదు. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు. ఈ నెలలో ఏదో ఒక్క వస్తువు నీ చేత్తో మొదలెట్టి, ముగించి, శ్రావణం మొదటి శుక్రవారానికి నా ముందు పెట్టు. అప్పుడు పంచాంగం తీస్తాను. లేదా, భీమడోలు వాళ్ళు పిల్లనడుగుతున్నారు."

"ఏ వస్తువు, మావయ్యా?"

"చీపురైనా సరే. చివరిదాకా కట్టిన చీపురవ్వాలి."

చీపురు నా స్థాయికి తగదనిపించింది. రెండు రోజుల తర్వాత వానకు తలదాచుకుందామని కాలవ గట్టున ఒక తోలు కొట్లో దూరాను. జట్కా గుర్రాలకు జీనులూ, ప్లీడర్లకు సంచులూ చేసే సాయిబుగారి కొట్టు అది. గోడకి ఒక పుస్తకం తొడుగు వేలాడుతోంది. తోలు మీద ఉబ్బెత్తుగా తీగలు, మధ్యలో వేరే రంగు తోలు పొదిగిన పువ్వు, చుట్టూ సన్నటి తోలునాడాతో జడలా అల్లిన అంచు. నా మోకాలు ఊగడం మానేసింది. మావయ్య తీస్తానన్న పంచాంగానికే అలాంటి తొడుగు చేసి చేతిలో పెడితే? ఇంత తెలివి నాకెలా వచ్చిందా అని నాకే భయమేసింది.

"నేర్పుతారా, సాయిబుగారూ?"

"నేర్పడానికేం భాగ్యమండీ," అన్నారాయన మెత్తగా. "కూర్చోగలరా మీరు?"

మా అమ్మ మాత్రం తోలు ముట్టుకొచ్చినవాణ్ణి గడప దాటనిచ్చేది కాదు. సాయంత్రం కాగానే నూతి దగ్గర నిలబెట్టి తోడి పోసేది. ఆ నెలలో నా నెత్తిన పడ్డ నీళ్ళు కాలవకి వదిలుంటే ఉంగుటూరు దాకా ఇంకో పంట పండేది.

పనంతా తడిలో ఉంది. తోలును తడిపి, దాని రంగు మళ్ళీ తిరిగొచ్చేదాకా ఆగాలి. దవడకి ఆనిస్తే చల్లగా ఉండాలి, తడి మాత్రం అంటకూడదు. అప్పుడే కత్తితో గీత గీసి, అచ్చు పెట్టి, కొయ్య సుత్తితో కొట్టాలి. అయితే అది ఆషాఢం. కొల్లేటి మీదుగా వచ్చే గాలిని పిండితే బిందె నిండుతుంది. పొద్దున్న తడిపిన తోలు మధ్యాహ్నానికీ దారికి రాదు. నేను క్షణానికోసారి దవడకి ఆనించుకునేవాణ్ణి. వారం తిరక్కుండా ఆ వైపు గడ్డం పెరగడం మానేసింది.

"ఇంకా కాలేదాండీ?"

"మీరు అడిగినప్పుడల్లా అది ఇంకాస్త ఆలస్యం చేస్తుందండీ, బాబుగారూ."

ఒకరోజు ఆయన నమాజుకు వెళ్ళిన అదను చూసి, తోలును బొగ్గుల కుంపటి మీద పట్టాను. అది అప్పడంలా చుట్టుకుని, ముడుచుకుని, బిరుసెక్కి కూర్చుంది. సాయిబుగారు తిరిగొచ్చి, దాన్ని నేల మీద టకటకమని కొట్టి చూశారు.

"బాగుందండీ. తలుపుకి గడియ చేసుకోవచ్చు," అని కొత్త ముక్క తీసిచ్చారు. అప్పటికి నెలలో సగం అయిపోయింది.

రెండో ముక్క మీద గూడబాతును చెక్కాను. గూడెం పక్క చెట్ల మీద గూళ్ళు పెట్టే పక్షి కదా, మావయ్య మెచ్చుకుంటాడని. ముక్కు కింది సంచి ఉన్నచోట తోలు కోసి, అంచులు పలచగా చెక్కిన లేత మేకతోలు పొదిగాను. అంతా అయ్యాక చూస్తే, అది సరిగ్గా చుట్ట నోట్లో పెట్టుకున్న మా పెదనాన్నలా ఉంది.

ఇక మిగిలింది అంచు. చుట్టుకొలతకు ఏడింతలు నాడా కావాలని సాయిబుగారు చెబుతూనే ఉన్నారు. కొలిచే ఓపిక లేక నేను మూడింతలే కోశాను. రెండో మూల తిరక్కుండానే నాడా అయిపోయింది. కొనలు చెక్కి, అతికించి, అది ఆరేదాకా ఆగి, మళ్ళీ అల్లాలి. ఆ ఆగడంలోనే గురువారం వచ్చేసింది.

శుక్రవారం పొద్దున్నే పాసింజరు బండిలో, ఒళ్ళో తొడుగు పెట్టుకుని అల్లుతూ కూర్చున్నాను. ఎదురుగా చేపలబుట్టతో ఒక ఆవిడ.

"ఏవండీ, గుర్రం జీనాండీ అది?"

"కాదండీ, పంచాంగానికి తొడుగు."

ఆవిడ నన్నూ, తోలునూ మార్చి మార్చి చూసి, మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. నా పనితనానికి మాట పడిపోయిందనుకున్నాను. భీమడోలు, పూళ్ళ దాటాయి. ఉంగుటూరు రాకముందే ఆఖరి రంధ్రంలోంచి నాడా లాగి, కొన లోపలికి దోపేశాను.

గూడెం చేరేసరికి మావయ్య ఇంకా గూడ్సుషెడ్డులోనే ఉన్నాడు. మరదలు వీధిలోకొచ్చి నా చేతిలోది చూసింది.

"ఏం బావా, ఇదేనా చీపురు?" అని నవ్వి, "అమ్మమ్మకి చూపిస్తాను, ఇలా ఇవ్వు," అని దొడ్డివైపు పట్టుకెళ్ళింది. అమ్మమ్మ చూపు అంత మందగించిందని నాకప్పటిదాకా తెలీదు, గంటన్నర పట్టింది.

మావయ్య భోజనానికొచ్చాక ఆ తొడుగు తెచ్చి నాకిచ్చింది. నేను వినయంగా ఆయన ముందు పెట్టాను. "మన పంచాంగానికి, మావయ్యా."

వంటింట్లోంచి అత్తయ్య ఒక్క కేక పెట్టింది. "రామ రామ! శ్రావణ శుక్రవారం పూటా! దేవుడి గూట్లో ఉండే పంచాంగానికి తోలా?"

నా చెమటకు వీధిలో బళ్ళు ఆగిపోయాయి. నూతి దగ్గర ముప్పై రోజులు స్నానం చేసి కూడా ఈ ముక్క నా బుర్రకెక్కలేదు. అప్పుడు అర్థమైంది, చేపలావిడ మొహం కిటికీ వైపు ఎందుకు తిప్పుకుందో.

మావయ్య తొడుగును చేతిలోకి తీసుకున్నాడు. గూడబాతును చూశాడు. తర్వాత అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ నడిపించాడు. ఒక అంచు, రెండు, మూడు. మూడో మూల తిరగ్గానే వేలు ఆగింది. లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత మేకుకు వేలాడుతున్న రైల్వే టైంటేబులు తీసి, తొడుగులో దూర్చాడు. అచ్చంగా కొలిచి కుట్టినట్టు పట్టింది.

"చేతులు కడుక్కో," అన్నాడు నాతో. అత్తయ్యను పిలిచి, "ఆ పంచాంగం ఇలా తీసుకురా," అన్నాడు.

ఇక ఒప్పుకోవాల్సింది. కుంపటి నిజం, గూడబాతు నిజం. అబద్ధం ఉంగుటూరు. ఆ స్టేషనుకు ముందే ముగించానన్నాను చూశారూ, అది. గూడెంలో దిగినప్పుడు నాలుగో అంచు మొత్తం బోసిగానే ఉంది, నాడా తోకలా వేలాడుతోంది. దొడ్డిరేవు మెట్ల మీద కూర్చుని దాన్ని అల్లింది మా మరదలు. చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చెయ్యి, మూడో అంచును ఒక్కసారి చూసి పట్టేసింది. ఎక్కడ చెయ్యి మారిందో మావయ్య వేలికి తెలిసిపోయింది. తెలిసీ ఎందుకు ఊరుకున్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తొడుగు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నా మూడు అంచులూ రెండుసార్లు ఊడిపోతే మళ్ళీ అల్లించాం. నాలుగోది అలాగే ఉంది. ఈ సంగతి రాయకుండా కాగితం మడవడానికి వీల్లేదని ఆవిడ నా కుర్చీ వెనకాలే నిలబడి ఉంది.