పొట్టి పాటలు

నర్సింహులపేటలో నారాయణ డాక్టరు గారి దగ్గర నేను కంపౌండరుగా ఉన్న రోజుల్లో, డెబ్బై నాలుగు వానాకాలంలో, తండా నుంచి నీలి వచ్చింది. నలభై దాటని మనిషి గోడ పట్టుకుని నడిచింది. మూడేళ్ల నడుం నొప్పికి తండాలో వాతలు పెట్టి కూడా చూశారు. డాక్టరు గారు పరీక్ష చేసి, ఇది పూర్తిగా పోయే నొప్పి కాదని మొహం మీదే చెప్పారు.

"పండుకుంటే ఇంకా బిగుస్తది, పని మానకు. కానీ నొప్పి లేసినంక ఆగుడు కాదు, లేవకముందే ఆగాలె. కొద్దిసేపు వంగు, కొద్దిసేపు నిలబడు."

"మునుం నడుమ నేనొక్కదాన్నే లేస్తే పటేలు ఊకుంటడా సారూ?" అంది నీలి.

మునుం అంటే నాట్లు వేసే ఆడవాళ్ల వరుస. అందరూ కలిసి వంగాలి, కలిసి వెనక్కి జరగాలి. ఇక్కడ డాక్టరుకు ఉపాయం తోచలేదు, నాకూ తోచలేదు, నీలికే తోచింది. మునుంలో పాట ఎత్తేది ఆమే. పొడుగు పాటలు మానేసి పొట్టివి ఎత్తుకుంది. పాట అయిపోగానే నడుం నిలబెట్టేది. మిగతావాళ్లూ ఆమెతోపాటే లేచేవారు. నొప్పి పోలేదు గానీ, దాన్ని అదుపులో పెట్టుకుని రెండేళ్లు కూలికి పోయింది.

నా నోరు ఊరుకోదు కదా. పొలం ఆసామి జగపతి పటేలు ఒకరోజు సూది వేయించుకోవడానికి వచ్చాడు.

"ఆడోళ్లకు బద్దకం పెరిగింది రఘునాథ్. పాటకోసారి నిలబడుతున్నరు."

నాకు ఒళ్లు మండింది. "బద్దకం కాదు పటేలా. నీలి నడుం నొప్పికి గదే మందు. డాక్టరు సాబే చెప్పిండు."

ఆయన సూది వేయించుకుని వెళ్లిపోయాడు. తర్వాతి నాట్లకు నీలిని మాత్రం పిలవలేదు. నడుం పోయిన మనిషి ఎందుకన్నాడట. పాట ఎత్తడానికి ఆమె తోడికోడలు సోనిని పెట్టారు. పొడుగు పాటలు మళ్లీ మొదలయ్యాయి.

నేను తండాకు పోయేసరికి నీలి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెప్పింది నేనేనని ఆమెకు తెలుసు. సిగ్గుతో గడప దగ్గరే కూర్చున్నాను.

"పాట పాడుకుంట జర లేసి తిరుగు నీలీ," అన్నాను చివరికి.

"పొద్దుగాల పాడిన సారూ. పాట అయిపోయింది. లేద్దామని చూస్తే, నాతోని లేసేటోళ్లు ఎవ్వరు లేరు."