ఎడమవైపు కాస్త వదులుగా

కొడవలూరులో మా ఇంటి ముందుగదిలోనే నేను జాకెట్లు కుడతాను. ముప్పై ఏళ్ల పని. ఆడవాళ్లు ఇంట్లో చెప్పుకోని మాటలు నా దగ్గర చెబుతారు. చెప్పనివి కూడా కొన్ని కొలతలు తీసేటప్పుడు తెలుస్తాయి. ఎవరు బిడ్డకు పాలు మాన్పించారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో టేపు పట్టుకుంటే చాలు.

పక్క పల్లె నుంచి ఒకామె వచ్చేది, వరి పండించే రైతు ఇల్లాలు. నాకంటే రెండేళ్లు చిన్న, ఈ సంగతి జరిగినప్పుడు నలభై ఆరు. పదేళ్లుగా నా దగ్గరే కుట్టించుకుంటోంది. తమ్ముడి గృహప్రవేశానికని పట్టు జాకెట్టు గుడ్డ ఇచ్చింది. పట్టు గుడ్డయితే మనిషికి ఒకసారి తొడిగి చూడందే నేను చివరి కుట్టు వెయ్యను. తెర వెనక ఆమె తొడుక్కుని నిలబడింది. ఎడమవైపు డాట్, అంటే రొమ్ము దగ్గర మడిచి వేసే కుట్టు, సరిగా కూర్చోలేదు. గుండుసూది పెడదామని గుడ్డను వేళ్లతో పట్టుకున్నాను. కింద ఏదో గట్టిగా తగిలింది. చింతపిక్కంత ఉంటుంది. ఒత్తితే జరగలేదు.

"ఏందక్కా, సూది గుచ్చినావా?" అంది.

"లేదు. కదలబాక."

ఆ రోజు అంతకుమించి ఏమీ అనలేదు. శుభకార్యానికి పోయే మనిషికి అలాంటి మాట ఎలా చెప్పడం అనుకున్నాను. నేను డాక్టర్ని కాను గదా అని కూడా అనుకున్నాను. అసలు కారణం ఆ రెండూ కాదు. నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది.

నేను కొత్తగా కుట్టు నేర్చుకున్న రోజుల్లో అమ్మ తన జాకెట్టు తెచ్చి, ఎడమవైపు కాస్త వదులు చెయ్యమంది. చేశాను. మూడు నెలలకు మళ్లీ తెచ్చింది. మళ్లీ కుట్లు విప్పి వదులు చేశాను. ఎందుకని అడగలేదు. పని చక్కగా వచ్చిందా లేదా అన్నదే నా ధ్యాస. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయేటప్పటికి గడ్డ పుండు పడింది. ఏడాది తిరక్కుండానే పోయింది. గడ్డ ఉన్న సంగతి తనకు రెండేళ్లుగా తెలుసని చివర్లో చెప్పింది. నొప్పి లేదు గదా అని ఊరుకుందట.

నాలుగు రోజుల తర్వాత ఆమె జాకెట్టు కోసం వచ్చింది. లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాను.

"నీకు ఎడమవైపు గడ్డ ఉంది. చూసుకున్నావా?"

ఆమె పైట సర్దుకుంది. "అది ఎప్పట్నుంచో ఉంది లేక్కా. నొప్పి లేదు, ఏం లేదు."

"మా అమ్మకూ నొప్పి లేదు," అన్నాను. అమ్మ ఎలా పోయిందో చెప్పాను.

ఆమె ముఖం మారిపోయింది. "శుభమా అని పోతా ఉంటే ఇదేం మాటక్కా?" అని జాకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను.

మూడు వారాలకు ఆమె భర్త వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, నిలబడే అడిగాడు.

"అమ్మా, మా ఇంటామె సరిగా అన్నం తినడం లేదు. ఏందని అడిగితే నిన్ను అడగమంటా ఉంది. నాకు చెప్పేదానికి సిగ్గంట."

చెప్పాను. ఆయన నేల చూపులు చూశాడు.

"నాట్లు అయినాక పోతే కుదరదా?"

"కుదరదన్నా."

"అయితే రేపే పోదాం. నువ్వు కూడా రా అమ్మా. లోపల నువ్వుండు, నేను బయట కూర్చుంటా."

మర్నాడు ముగ్గురం నెల్లూరు పోయాం. ఆడ డాక్టరు చేత్తో చూసి, మమోగ్రామ్ తీయించి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపింది. వారానికి ఫలితం వచ్చింది. క్యాన్సరే. ఈసారి భర్తను కూడా లోపలికి పిలిచారు.

"గడ్డ చిన్నదే. చంకలోకి పాకినట్టు స్కానింగులో కనిపించడం లేదు. ఇప్పుడు రావడం మంచిదయింది. రొమ్మంతా తీయాల్సిన పని ఉండకపోవచ్చు," అంది డాక్టరు.

భర్త రిపోర్టు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మాత్రం, "జుట్టు ఊడిపోతుందా?" అని అడిగింది.

డాక్టరు నా వైపు తిరిగి, మీరు ఏమవుతారు అంది. టైలర్నని చెప్పాను. గడ్డ ఎలా తెలిసిందో, నాకెందుకు అనుమానం వచ్చిందో చెప్పాల్సి వచ్చింది. అమ్మ మాట వినగానే డాక్టరు పెన్ను పక్కన పెట్టింది.

"మీరు ఎప్పుడైనా చూపించుకున్నారా? అక్కచెల్లెళ్లు ఉన్నారా?"

చెల్లెలుందని చెప్పాను. నేను చూపించుకోలేదని కూడా చెప్పాను. అమ్మకు వచ్చినంత మాత్రాన మీకు రావాలని లేదు, కానీ మిగతావాళ్లకంటే మీకు ముప్పు కొంచెం ఎక్కువ, ఇద్దరూ చూపించుకోండి అంది. సరేనని వచ్చాను. రంజాన్ ముందు బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. పండగ తర్వాత చూద్దామనుకున్నాను. పండగా అయిపోయింది.

ఆమెకు ఆపరేషన్ అయింది. గడ్డ, దాని చుట్టూ కొంత మేర తీశారు. తర్వాత కొన్ని వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు, మాత్రలు రాశారు. జుట్టు ఊడలేదు. ఆపరేషన్ అయిన కొత్తలో నేను చూడడానికి పోతే, మంచం మీద నుంచే అడిగింది.

"డాక్టరు దగ్గరికి నువ్వు పోయినావా అక్కా?"

"పోతాలే. పని ఉండి..."

"నాకు నాట్లుండె. నన్ను ఆగనిచ్చినావా?"

ఆ వారమే వెళ్లాను. నాకేమీ లేదన్నారు, ఏటా రమ్మన్నారు. ఒక ఏడాది వెళ్లలేదు కూడా. ఎందుకు వెళ్లలేదంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు.

ఆమె ఇప్పుడు బాగానే ఉంది. ఎడమ చేత్తో బరువు ఎత్తదు. ఆరు నెలలకోసారి నెల్లూరు పోయి చూపించుకుని వస్తుంది.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా తేడా అనిపిస్తే అదే రోజు చెబుతున్నాను. అందరూ మెచ్చుకోరు. ఒకావిడ పరీక్ష చేయించుకుంటే అది ఉత్త కొవ్వు గడ్డ అని తేలింది. "ఊరికే నన్ను హడలగొట్టినావు," అని నా మొహం మీదే అంది. నిజమే, వారం రోజులు ఆమెకు నిద్ర లేదు. ఆమె ఇప్పుడు వేరే చోట కుట్టించుకుంటోంది.

మా చెల్లెలు తడ దగ్గర కంపెనీలో పని చేస్తుంది. చూపించుకోమని ఎన్నిసార్లు ఫోన్ చేసినా షిఫ్టనీ, సెలవు లేదనీ తప్పించుకునేది. పోయిన నెల చెప్పకుండా బస్సెక్కి వాళ్లింటికి పోయాను. తలుపు తీసి నన్ను చూడగానే ఎందుకొచ్చానో కనిపెట్టింది. కాసేపు గొణిగింది. మధ్యాహ్నం షిఫ్టుకు రానని సూపర్‌వైజరుకు ఫోన్ చేసి చెప్పి, చీర మార్చుకుని వచ్చింది. ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడు, అమ్మకు ఏ వయసులో వచ్చిందని అడిగారు. మా ఇద్దరికీ సరిగ్గా తెలియలేదు. నలభై దాటి ఉంటాయని రాయించాం.