మొదటి కడుగు

సిద్దిపేట బజారుల ఒక గింజల సావుకారి ఇంట్ల నేను వంటకు కుదిరింది పెద్ద లడాయి నడుస్తున్న రోజులల్ల. నలభైమూడో, నలభైనాలుగో, నాకు అంకెలు రావు. నేను చెప్తుంటే మనుమరాలు రాస్తున్నది. అప్పటికి నా పెనిమిటి పోయి ఏడాది. పూటకు పదిహేను మందికి వండాలె. నాకు రెండు పూటల తిండి, ఏడాదికి రెండు చీరెలు. గా పొయ్యి పోతే నాకు ఇంకో పొయ్యి లేదు.

వంట అంటే తెల్వనోళ్లకు ఉడకబెట్టుడు ఒక్కటే కనిపిస్తది. అసలు పని కడుగుడుల ఉంటది. బియ్యం చాటల చెరగాలె, రాళ్లు ఏరాలె, మూడు నీళ్లు కడగాలె. మొదటి నీళ్లను కడుగు అంటం. పాల తీరు తెల్లగ దిగుతది. దాన్ని పారబోయం, బర్రె కుడితి గోళెంల పోస్తం. ఎసరు మరిగినంక బియ్యం పోసి, మెతుకు వేళ్ల నడుమ నలిపి చూడాలె. నడుమ సన్న పలుకు ఉండంగనె సిబ్బి మూసి గంజి వార్చాలె. సిబ్బి అంటే బొక్కల మూత. వార్చినంక నిప్పుల మీద ఉమ్మగిలితె గా పలుకు పోతది.

గా రోజులల్ల సర్కారు లెవీ ఉండె. ఇంట్ల ఎక్కువున్న గింజలు కొలిచి తీస్కపోయేది. మా సావుకారి సగం చూపిచ్చి సగం దాచేటోడు. గోనె సంచిల అడుగున బియ్యం, మీద ఒక గుడ్డ, గుడ్డ మీద మైలుతుత్తం పట్టించిన జొన్న విత్తనాలు. జొన్నకు కాటుక తెగులు రావద్దని గా నీలం మందు పట్టిస్తరు. విషం గింజలల్ల ఏ అధికారి చెయ్యి పెట్టడని సావుకారి తెలివి. నాకు తెల్సు గని తెల్వనట్టు ఉండేదాన్ని.

ఒకనాడు పొద్దుగాల కబురొచ్చింది. గిర్దావరు వస్తుండు, ముగ్గురు మనుషులతోని, పగటి బువ్వ ఈడనె. గిర్దావరంటే పట్వారీల మీది అధికారి. ఎవల గింజలు గుంజాల్నో ఆయన కలం చెప్తది. వంటింట్ల బియ్యం కుండ అడుగంటింది. సావుకారమ్మ లోపలి అర్రలకు పోయి తలుపు ఏసుకున్నది. జరసేపటికి గంపెడు బియ్యం తెచ్చి నా ముందట పెట్టింది.

"చెరిగిన, ఏరిన. నువ్వు కడిగి ఎసట్ల పొయ్యి, జల్ది" అన్నది.

నమ్మిన. వంటిల్లు చీకటి, పైంగ పొగ. మూడు నీళ్లకు రెండు నీళ్లె కడిగిన. కడుగు గోళెంల పోసి, బియ్యం ఎసట్ల పోసిన.

కట్టెలకని దొడ్లెకు పోతే బర్రె గోళెం కాడ లేదు. కడుగు పోయంగనె మూతి ముంచే బర్రె, ఎనుకకు జరిగి ముక్కు చీదుతున్నది. వంగి చూసిన. అది పొద్దున్నె తోమిన గోళెం. అండ్ల నీళ్లు బట్టలకు నీలి పెట్టినట్టున్నయి.

ఉరికొచ్చి గంటెతోని కుండ కలిపిన. తెల్లటి మెతుకుల నడుమ రెండు జొన్న గింజలు పైకొచ్చినయి. గవి ఏరి నా కొంగుకు ముడేసిన. సంచిల గుడ్డ చినిగి ఉంటది. అమ్మ తొందరల చూడలేదు.

బయట గిర్దావరు వచ్చి కూసున్నడు. విస్తర్లు ఏసిన్రు. తిని వాళ్లకేమన్నయితె, వంటామె విషం పెట్టిందంటరు. ముందుగాల కట్టేసేది నన్నె. బయటికి పోయి చెప్తె, బియ్యం ఏడ దాచిన్రో గిర్దావరు చెవుల పడ్తది.

"అమ్మా, ఒక్కసారి లోపలికి రా" అని పిలిచిన.

సావుకారమ్మ గుమ్మం కాడి నుంచే అన్నది, "ఏందే, బువ్వ తెమ్మంటె నన్ను పిలుస్తున్నవ్? దినాల బువ్వ వండుతున్నవా, ఇంత ఆలిశం?"

గిర్దావరు మనుషులు నవ్విన్రు. దినాల బువ్వంటె సచ్చినోళ్ల పేర పెట్టేది.

ఇగ సిబ్బి మూసిన. రెండు చేతుల గుడ్డ పట్టి, గంజి వార్చేటట్టు కుండ వంచిన. వంచి, ఇడిసిపెట్టిన. బువ్వ మొత్తం నేల మీద, బూడిదెల పడ్డది. గంజి నా ఎడమ కాలు మీద పడ్డది.

"చేతులు ఇరిగినయా నీకు! కరువు రోజులల్ల బువ్వ మన్నుల కలుపుతవా?" అని అమ్మ చెయ్యి లేపింది.

బయట నుంచి గిర్దావరు గొంతు: "ఏం సావుకారీ, నేల మీద పారబోసేటంత బియ్యం ఉన్నయా నీ ఇంట్ల?"

ఆయన ఒక్కడె నవ్విండు. సావుకారి "మళ్ల వండుండ్రి, మళ్ల వండుండ్రి" అని ఒర్రిండు. అమ్మ అర్ర దిక్కు మళ్లింది. మళ్ల గా సంచె! అమ్మ కొంగు పట్టి గుంజిన.

"గా బియ్యం వద్దమ్మా" అని, నా కొంగు ముడి ఇప్పి రెండు జొన్నలు చూపిచ్చిన.

చూసింది. పెదవులు తెల్లబడ్డయి. బయటికి పోయి చెప్పింది: "సారూ, గవే ఆఖరి బియ్యం. జొన్నరొట్టెలు చేపిస్త, కూసోండ్రి."

కాలిన కాలు మీద నిలబడి రొట్టెలు కొట్టిన. పిండి వారం కింద నేనే ఇసిరింది. అయినా మొదటి రొట్టె నేనే తిని, కొద్దిసేపు ఆగి చూసి, తర్వాతనె బయటికి పంపిన. గిర్దావరు తిన్నడు. అర్రల సంచి మూతి ఇప్పిచ్చిండు. నీలం గింజలు చూసి, చెయ్యి పెట్టకుంటనె పోయిండు.

ఆయన పోయినంక సావుకారి వంటింటి గుమ్మం కాడికి వచ్చి, "మిగిలిన గా బియ్యం ఐదు నీళ్లు కడిగి హమాలీలకు వండు" అన్నడు.

"వండను" అన్న. గా ఇంట్ల నేను ఎదురు చెప్పింది గదే మొదలు. పని పోయిందనుకున్న.

అమ్మ నా దిక్కు చూడకుంట, "అది వండదు" అని సావుకారితోని అన్నది. దొడ్ల గుంత తీపిచ్చి గా బియ్యమంత పూడ్పిచ్చింది.

గా పని నాకు నేర్పింది ఒక్కటె. ఇంకోలు చెరిగిన బియ్యం చెరిగినట్టు కాదు. మరునాటి నుంచి మొదటి కడుగు సత్తు పళ్లెంల పోసి, వాకిట్లకు తెచ్చి, వెలుగుల చూసి, గప్పుడె బర్రెకు పోసేదాన్ని. ఎందుకని అమ్మ అడగలే. గా ఇంట్ల ఇంకో ఇరవై ఏండ్లు వండిన. బియ్యం ఏడివని నేను ఎన్నడు అడగలే. కడుగు చూడకుంట ఎన్నడు ఎసట్ల పొయ్యలే.