కాడి మీద బరువు

మొన్న మా మేనల్లుడు కొత్త కారు తెచ్చి, దీంట్లో ముందు చక్రాలే లాగుతాయి మామా అని గొప్పగా చెబుతుంటే, నాకు మొగిలి ఘాటు రోడ్డూ ఆనాటి వానా గుర్తొచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మద్రాసులో ఇంజనీరింగు చదివి చిత్తూరులో ఒక మోటారు షెడ్డులో కొత్తగా చేరాను. పలమనేరులో అక్కకు తొలి కాన్పు కష్టమైంది, బిడ్డ అడ్డం తిరిగిందట, చిత్తూరు డాక్టరమ్మను వెంటనే తీసుకుపోవాలని నాయన బస్సెక్కి పరుగున వచ్చాడు. షెడ్డు యజమానికి రెండు కార్లుండేవి, ఏది కావాలంటే అది తీసుకుపొమ్మన్నాడు. ఆరు సిలిండర్ల పెద్దది వెనక చక్రాలతో నడిచేది, పెట్రోలు కరువని దానికి బొగ్గు గ్యాసు డ్రమ్ము బిగించారు. నాలుగు సిలిండర్ల చిన్నది పెట్రోలుదే, ముందు చక్రాలతో నడిచేది. బొగ్గు రాజుకోవడానికి అరగంట, పైగా ఆ గ్యాసుతో ఇంజనుకు బలం తక్కువ. ఇలా వేళ్ల మీద లెక్కపెట్టి చిన్నదాన్నే ఎంచాను.

"గాటెక్కల్ల గదరా, పెద్దదే మేలేమో" అన్నాడు నాయన.

"ఎద్దుల్ని బండికి ముందర కడతారా, ఎనక కడతారా నాయనా?" అన్నాను. ఆయన వెళ్లి వెనక సీటులో కూర్చున్నాడు.

మొగిలి ఘాటులో, వానకు ఎర్రమట్టి కొట్టుకొచ్చిన మలుపు దగ్గర ముందు చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగాయి. రాళ్లు పెట్టాను, గోనెసంచులు పరిచాను, గేరు మార్చి చూశాను; కారు లోయ వైపు జానెడు జారింది. కారు దిగి గొడుగు కింద నిలబడ్డ డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

వెనక సీటులోంచి నాయన దిగాడు. "ఎద్దుల్ని ముందర కట్టినావు, సరే. ఎక్కుడులో బరువు ఎనక్కి పోయి కాడి లేస్తాదని యాడా సదవలేదా? బండి తోలేటోడు కాడి మీదికి జరిగి కూసుంటాడప్పా!" అంటూ ముందు చక్రం పైనున్న మడ్‌గార్డు మీద కూర్చున్నాడు.

"నేనూ బరువే కదయ్యా" అంటూ డాక్టరమ్మ గొడుగు మూసి, చీర బిగించి, రెండో మడ్‌గార్డు ఎక్కింది. మందుల పెట్టెను నాయన ఒళ్లో పెట్టుకున్నాడు. చక్రాలు మట్టిని కరిచాయి. వాళ్లిద్దరి వీపులనే చూస్తూ ఆ మలుపు దాటించాను.

ఆ సాయంత్రం అక్క బతికింది. అప్పుడు పుట్టినవాడే ఈ కొత్త కారు తెచ్చిన మేనల్లుడు. నాయనా లేడు, ఆ డాక్టరమ్మా లేదు. రోడ్డు వెడల్పయింది, అద్దాలు మూసుకుని మాటల్లో ఉండగానే ఘాటు దాటిపోతుంది, ఎవరూ దిగి చెయ్యి వేయనక్కర్లేదు. అయినా ఆ మలుపు రాగానే నా ఒళ్లు దానంతటదే ముందుకు వంగుతుంది.