పిల్లికి వదిలిన దారి

నా చిన్నప్పుడు మా పెరడుకూ పక్కింటి పెరడుకూ మధ్య గోడ లేదు. కంపతో కట్టిన దడి ఉండేది. దడి మధ్యలో మనిషి ఒంగి దాటేంత సందు. మజ్జిగ చెంబులు, కరివేపాకు, పొయ్యిలోకి నిప్పు, ఊళ్ళో కబుర్లు అన్నీ ఆ సందులోంచే అటూ ఇటూ తిరిగేవి. మా పిల్లి కూడా తిరిగేది. పొద్దున మా ఇంట్లో పెరుగన్నం తిని, ఎండెక్కాక వాళ్ళ గడ్డివాములో నిద్రపోయేది.

మా ఊరి నుంచి నరసరావుపేటకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఇది జరిగిన సంవత్సరం నాకు కచ్చితంగా తెలియదు. డైరీ రాయడం నాకు హైస్కూల్లో చేరాక అలవాటైంది, ఇది అంతకు ముందు మాట. గుర్తున్నంత మేరకే రాస్తున్నాను.

ఆ పిల్లిది బూడిదరంగు, దాని మీద నల్లచారలు. పేరంటూ ఏమీ పెట్టలేదు. మా నాయనమ్మ దాన్ని 'ఏమే' అని పిలిచేది. నన్నూ అలాగే పిలిచేది కాబట్టి, ఆ పిలుపు వినబడగానే నేనూ పిల్లీ ఒకేసారి తలెత్తి చూసేవాళ్ళం. చలికాలంలో అది పొయ్యిలోని వెచ్చటి బూడిదలో పడుకునేది. అందుకని అమ్మ పొయ్యి రాజేసే ముందు లోపల చేత్తో తడిమి చూసుకునేది. కసిరితే పారిపోయేది కాదు. మనవైపు వీపు తిప్పి అక్కడే కూర్చునేది. వాకిట్లో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో వాటి మీదుగా నడిచి, తర్వాత పాదాలు నాక్కుని, తుమ్ముకుంటూ, అదంతా మేమే చేశామన్నట్టు చూసేది. నాయనమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని నాలుగు పాదాలూ నూనె గుడ్డతో తుడిచేది. అది ఏటా అదే పొరపాటు చేసేది, ఈమె ఏటా అదే సేవ చేసేది.

ఇంకొక అలవాటు చెప్పాలి. అది ఒంటరిగా అన్నం తినేది కాదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. మధ్యలో లేచి వెళ్తే తినడం ఆపి వెంట వచ్చేది. ఇంట్లో అందరికీ పనులు కాబట్టి ఆ కూర్చోవడం నాయనమ్మ వంతు.

పక్కింటాయన మా నాన్నకు దాయాది, వరసకు తమ్ముడు. నాకు బాబాయి. ఆయన భార్య, మా పక్కింటి పిన్ని, వయసులో చాలా చిన్నది. ఆమెకు తల్లి లేదు, అత్త లేదు. అందుకని తొలికాన్పు కూడా ఇక్కడే జరిగింది. మగపిల్లాడు. నెలలు నిండకుండా పుట్టాడు. నాయనమ్మ రోజూ దడి దాటి వెళ్ళి, కాళ్ళు చాపుకుని కూర్చుని, వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నూనె రాసి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి వచ్చేది. వాడు ఒళ్ళు చేయలేదు. తాగిన పాలు కక్కేవాడు. నాయనమ్మ తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో "ఇంకా చేతికి బరువు తగలట్లేదే" అనేది.

అలాంటి సమయంలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. నాన్న ఒక వర్గం, బాబాయి రెండో వర్గం. బాబాయి వాళ్ళు గెలిచారు. ఊరేగింపు మా గుమ్మం ముందు కావాలని ఆగిందని నాన్న, ఎద్దు బెదిరితే ఆగిందని బాబాయి. ఆ ఎద్దు సంగతి ఈనాటికీ తేలలేదు. నాన్న ఇంట్లోకి వచ్చి, నిలబడే చెప్పాడు.

"ఈ రోజు నుంచి ఆ ఇంటితో మాటాడినోళ్ళకి ఈ ఇంట్లో అన్నం లేదు. ఏమే, నీకూ చెప్పేది."

నన్ను ఉద్దేశించి అన్నాడు. పిల్లి కూడా తలెత్తి చూసింది.

నాయనమ్మ వాదించలేదు. మర్నాడు పిల్లాడికి నీళ్ళు పోసే వేళకి దడి దాకా నడిచి, ఆగి, వెనక్కి వచ్చింది. అటునుంచి పిల్లాడి ఏడుపు వినిపిస్తూనే ఉంది. నాయనమ్మ వసారాలో కూర్చుని తన మోకాళ్ళకే నూనె రాసుకుంది.

ఆ వారంలోనే నాన్న నాపరాళ్ళు తెప్పించాడు. మా వైపు ప్రహరీలన్నీ ఆ రాళ్ళతోనే. పెద్ద పలకల్లాంటి రాళ్ళను పక్కపక్కనే నిలువుగా పాతుతారు. దడి పీకేశారు, రాళ్ళు నిలబడుతున్నాయి. ఒక రాయికి కింది మూల విరిగి ఉంది. మేస్త్రీ దాన్ని పక్కకు నెట్టించాడు. అప్పటిదాకా చూస్తున్న నాయనమ్మ దగ్గరికి వచ్చి, ఆ రాయినే పాతమంది.

"విరిగిందమ్మా అది. కన్నం పడుద్ది" అన్నాడు నాన్న.

"పడాలనే. పిల్లికి దారి ఉండబళ్ళా?"

"పిల్లికి దారేంది? అది గోడలెక్కదా?"

"సూడిదిరా అది. పొట్టేసుకుని ఎక్కుద్దా?"

"ఈనినాక ఎక్కుద్దిలే."

"ఈనినాక పిల్లల్ని నోట కరుచుకుని ఎక్కుద్దా? అటు గడ్డివాములో ఈని అక్కడే ఉండిపోతే విత్తనం కాయల గదిలో ఎలకలు పడతయ్యి. అప్పుడు నీ రాజకీయం వచ్చి పట్టుద్దా ఎలకల్ని?"

రాళ్ళు మోసేవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. విత్తనం వేరుశనగ మాట వచ్చేసరికి నాన్న మెత్తబడ్డాడు. విరిగిన రాయిని పాతించాడు. కిందిమూలన జానెడు వెడల్పున కన్నం మిగిలింది.

పిల్లి మూడోనాడో నాలుగోనాడో మా పత్తి గదిలో ఈనింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మా పిల్లి మొదటి ఇంటికి పక్కింటి గడ్డివామునే ఎంచుకుంది. ఒక్కొక్క పిల్లనూ మెడ దగ్గర కరుచుకుని తీసుకుపోవడం నేను కళ్ళారా చూశాను. కన్నం వైపు అది చూడనైనా లేదు. గోడ పక్కనున్న చింతమొద్దు మీదికి ఒక గెంతు, అక్కణ్ణుంచి గోడ మీదికి ఒక గెంతు, అంతే. నేను పరుగెత్తుకెళ్ళి నాయనమ్మకు చెప్పబోయాను. ఆమె అప్పటికే చూస్తోంది. నేను నోరు తెరవగానే అందులో బెల్లంముక్క పెట్టింది.

ఆనాటి నుంచి నాయనమ్మ పిల్లికి అన్నం గోడవారన, ఆ కన్నం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. అది తినేదాకా ఎలాగూ ఎవరో ఒకరు కూర్చోవాలి. కూర్చున్న మనిషి పిల్లితో ఏదో ఒకటి మాట్లాడితే తప్పు పట్టేవాళ్ళు లేరు.

"ఏమే, పిల్లోడికి నీళ్ళు మరీ కాగనీబాకు. మోచెయ్యి పెట్టి చూసుకోవాలి" అనేది నాయనమ్మ, పిల్లి వీపు నిమురుతూ.

కన్నం అవతల గాజులు చప్పుడయ్యాయి. తర్వాత పిన్ని గొంతు. "పిల్లీ, రాత్రంతా ఒకటే ఏడుపే. పొట్ట రాయిలాగా ఉంది."

"తమలపాకుకి ఆముదం రాసి, సెగ చూపి పొట్ట మీద వెయ్యాలే పిల్లీ. వేడి ముందు నీ చేతి మీద చూసుకో."

పిల్లి ఇద్దరి మాటలూ పట్టించుకోకుండా అన్నంలో పెరుగు తగినంత ఉందో లేదో చూసుకునేది. కొన్ని రోజులకు పిన్ని కూడా అటునుంచి చిన్న గిన్నె పెట్టసాగింది. అందులో ఉగ్గు ఉండేది. నాయనమ్మ వేలితో తీసి చూసి, "పల్చగా ఉండాలే" అని గిన్నె వెనక్కి తోసేది. వంటింట్లోంచి అమ్మ అంతా వినేది, ఏమీ అనేది కాదు. నాన్నకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ముసలామెకు పిల్లి పిచ్చి పట్టిందని ఆయన ఒకసారి ఎవరితోనో అనగా విన్నాను.

మిరప కోతల రోజులొచ్చాయి. బాబాయి మిరపబస్తాలు బండికెత్తుకుని గుంటూరు పోయాడు. ఆ మధ్యాహ్నం నాన్న పొలం నుంచి వచ్చి వెనక వసారాలో అన్నానికి కూర్చున్నాడు. పిల్లి ఆయన కంచం పక్కన చేరింది. ఇంట్లో చేపలు వండిన రోజున అది వేరే ఎక్కడా ఉండదు. నాయనమ్మ స్తంభానికి ఆనుకుని వత్తులు చేసుకుంటోంది.

గోడ అవతలి నుంచి పిన్ని గొంతు వచ్చింది. రోజూ ఉండే గొంతు కాదు.

"పిల్లీ, ఉన్నావా? పిల్లోడు పొద్దుట్నుంచి కళ్ళు తెరవట్లేదే. పాలు తాగట్లా. ఒళ్ళు కాలిపోతంది."

గోడవారన పిల్లి లేదు. అది నాన్న కంచం దగ్గర ఉందని అందరికీ కనబడుతూనే ఉంది. నాయనమ్మ లేచి కన్నం దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా ఏమీ లేని నేలను చూస్తూ మాట్లాడింది.

"ఏమే, ఏడుస్తున్నాడా, అది కూడా లేదా?"

"లేదే. మూలుగుతున్నాడు."

"అయితే ఇది ఆకులకీ పసర్లకీ లొంగేది కాదే. నరసరావుపేట ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇప్పుడే."

"బండి ఆయన తోలుకుపోయాడే పిల్లీ."

నాయనమ్మ వెనక్కి తిరగలేదు. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. నాన్న వైపు ఎవరూ చూడలేదు. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. బండి కట్టమని అడిగే హక్కు ఆ ఇంటితో మాట్లాడొద్దన్న రోజునే ఆయన అందరి దగ్గరా లాగేసుకున్నాడు. ఇక ఆ మాట ఎత్తాల్సింది ఆయన ఒక్కడే. ఎత్తితే, ఇంట్లో అందరి ముందూ ఆడిన మాట పోతుంది.

పిల్లి ముంగాలు ఆయన మోకాలి మీద పెట్టింది. చేపముక్క కోసం. నాన్న దాని మొహంలోకి చూశాడు. తర్వాత గోడ అవతలికి వినబడేంత గట్టిగా, దానితోనే అన్నాడు.

"ఏమే. బండి కడుతున్నా. పిల్లోడికి గుడ్డ చుట్టుకుని వీధి గుమ్మంలోకి రమ్మను."

కంచంలోని చేపముక్క దాని ముందు పడేసి, చెయ్యి కడుక్కుని ఎద్దుల కొట్టం వైపు వెళ్ళాడు.

నాయనమ్మ పిన్నితో పాటు బండెక్కింది. నాన్న దారి పొడుగునా వెనక్కి తిరగలేదని, పిన్నితో ఒక్క మాట మాట్లాడలేదని, గతుకులొచ్చినప్పుడల్లా ఎద్దుల్ని మాత్రం బూతులు తిట్టాడని నాయనమ్మ తర్వాత చెప్పింది. పిల్లాడు ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉండి, బతికి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో మా ఎడమ పక్క ఎద్దు కాలు బెణికింది.

వాళ్ళు వచ్చిన మర్నాడు పొద్దున నాయనమ్మ అన్నం పళ్ళెంతో గోడ దగ్గర కూర్చోగానే, అవతల మగమనిషి దగ్గు వినిపించింది. గుంటూరు నుంచి తిరిగొచ్చిన బాబాయి గొంతు.

"ఏమే పిల్లీ, మీ ఇంట్లో ఎద్దు కుంటుతందంటగా. మాది ఖాళీగానే ఉంది. తోలుకుపొమ్మను."

నాన్న వసారాలో పళ్ళు తోముకుంటున్నాడు. వేపపుల్ల నోట్లోంచి తీసి, పిల్లి ఎక్కడుందో చూసుకున్నాడు. అది గోడ మీద కూర్చుని ఇద్దరినీ చూస్తోంది.

"మీ ఎద్దు మావాడి పక్కన సాగుద్దా అని అడగవే" అన్నాడు.

"సాగకపోతే ఊరేగింపులో ఆగినట్టు ఆగుద్దిలే. ఏం చేస్తాం."

నాయనమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు గానీ, ఎద్దును తెచ్చుకున్నాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ నేరుగా ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు. పిల్లి ద్వారా మాట్లాడుకోవడం మాత్రం చాలా కాలం సాగింది. నాన్న ఆడిన మాట తప్పలేదు. నాయనమ్మ కూడా తప్పలేదు. ఆమె ఆ ఇంటితో ఒక్క మాటైనా మాట్లాడలేదని నేను ఇప్పటికీ సాక్ష్యం చెప్పగలను.

నాయనమ్మ నాకు ఇది నేర్చుకోమని ఎన్నడూ చెప్పలేదు. అయినా, ఉద్యోగం చేసిన అన్నేళ్ళూ, ఇద్దరు మనుషుల మధ్య మాట ఆగిపోయినప్పుడు వాళ్ళను కూర్చోబెట్టి రాజీ చేయాలని నేను ప్రయత్నించలేదు. పంతం వదులుకోమంటే ఎవరూ వదులుకోరు. పంతం అలాగే ఉంచుకుని మాట్లాడుకోవడానికి ఏదైనా ఒక వంక దొరుకుతుందేమోనని చూసేదాన్ని. చాలాసార్లు దొరికింది.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఉంటున్నాను. నా దగ్గర ఒక పసుపు పిల్లి ఉంది. అది డైరీ తెరిస్తే తెరిచిన పేజీ మీద కూర్చుంటుంది. అందుకని ముందు దానికి అన్నం పెట్టి, తిన్నంతసేపూ కూర్చుని, అది నిద్రపోయాక రాసుకుంటాను. ఆ మధ్య ప్రహరీగోడ కట్టించినప్పుడు, పక్కింటి వైపు కింది వరసలో ఒక ఇటుక పట్టేంత కన్నం వదలమన్నాను. నీళ్ళు పోవడానికా అని మేస్త్రీ అడిగాడు. పిల్లికి అన్నాను. అతను తలెత్తి, అప్పటికే సగం కట్టిన గోడ మీద పడుకుని ఉన్న పిల్లిని చూశాడు. కన్నం వదిలాడు.

పక్కింటి వాళ్ళతో నాకు ఇంతవరకు ఏ తగాదా లేదు. కన్నం మాత్రం ఉంది.